రొదలోని మాట

సంతలో నిలిచి దూరమున నున్నవానితో మాటాడవలసి వచ్చినపుడు మనకు మొదట దోచు నుపాయము గొంతు పెంచుట. అతడును పెంచును. ప్రక్కనున్నవారును పెంచుదురు. తుదకు సంత యంతయు నరపుల పోటీ యగునే కాని యొకని మాట యొకనికి జేరదు. రెండవ యుపాయము గోడ కట్టుకొనుట. మాటాడగోరిన యిరువురును గదిలో దూరి తలుపు వైచుకొనుట. నిస్తంతి వార్తావిధానము చిరకాల మీ రెండవ యుపాయముతోనే నడచినది. ఒక్కొక్క ప్రసారకేంద్రమునకు ఒక్కొక్క పౌనఃపున్యము కేటాయించి, పొలములకు గట్లు వేసినట్లు ఆకాశమునకు గట్లు వేసిరి. గట్టు దాటినవాడు దొంగ. గట్ల నడుమ చోటు చాలనివాడు నిర్భాగ్యుడు.

మూడవ యుపాయ మొకటి కలదు. అందు అరపు లక్కఱలేదు, గట్లక్కఱలేదు. అందఱును ఒకే పొలమును ఒకే వేళ ఒకరి కొకరు అడ్డురాకుండ దున్నుకొందురు. ప్రతివాడును తన మాటను సన్నని త్రోవలో బిగ్గరగా గాక, వెడల్పయిన త్రోవలో మెల్లగా బరచి పలుకును. ఆ పలుకు చుట్టునున్న రొదకంటె దక్కువ స్థాయిలో నుండినను నుండవచ్చును. తాళము తెలియనివాని కది రొదగానే వినబడును. తాళము తెలిసినవానికి మాత్రము మాటగా వినబడును. దీనినే స్ప్రెడ్ స్పెక్ట్రము అందురు. విస్తృత వర్ణపటవిధాన మని మనము చెప్పుకొనవచ్చును.

సంస్కృతమును, ఆంగ్లమును బడిలో బోధించి జీవించు నావంటివానికి ఈ విషయముతో నేమి పని యని చదువరు లడుగవచ్చును. పని రెండు త్రోవలను వచ్చినది. ఒకటి ఛందస్సు త్రోవ. రెండవది మా యింటి యాడపిల్ల చదువు త్రోవ. రెండును చెప్పెదను. ఏలయన ఇందు విచారింపదగినది యంత్రవిద్య మాత్రమే కాదు. చదువని పేరు పెట్టుకొని మన యిండ్లలో నడచుచున్న యొక వ్యాపారము కూడ.

మొదట ఈ విద్య పుట్టుకనుగూర్చి యొక మాట. 1942వ సంవత్సరము ఆగష్టు 11వ తేదీని అమెరికా దేశపు పేటెంటు కార్యాలయము 'రహస్య వార్తావిధానము' అను పేర ఒక హక్కుపత్రము నిచ్చెను. దానిని పొందినవా రిరువురు. ఒకరు జార్జి ఆంథయిల్ అను సంగీతకర్త. రెండవవారు వియన్నా నగరమున 1914లో జన్మించి చలనచిత్రములలో మహాసౌందర్యవతి యని పేరు పొందిన హెడీ లమార్. జలాంతర్గత బాణమును, అనగా టార్పిడోను, నిస్తంతితో నడపునపుడు శత్రువు ఆ పౌనఃపున్యమును కనిపెట్టి రొద చేసి చెడగొట్టును గదా! పంపువాడును అందుకొనువాడును ముందే కుదుర్చుకొన్న వరుసలో ఒక పౌనఃపున్యమునుండి మఱియొకదానికి గంతులు వేయుచున్నచో శత్రువు దేనిని చెడగొట్టును? ఆంథయిల్ తనంత తాను వాయించుకొను పియానోలతో సంగీతము కూర్చినవాడు. ఆ పియానోకు చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట యెట్లో, ఈ యంత్రమునకు నట్టి చుట్టయే గంతుల వరుసను జెప్పును. పియానోకు మెట్లు 88. వీరి పత్రమునను పౌనఃపున్యములు 88. నౌకాదళమువారు దాని నపుడు వాడుకొనలేదు. 1959లో హక్కు గడువు తీరినది. ఆమెకు ఒక పురస్కారము లభించుసరికి 1997వ సంవత్సరము వచ్చినది. 2000లో ఆమె గతించెను. ఆమె ముఖమును జూచినవారు కోట్లకొలది. ఆ ముఖము వెనుక బుద్ధి యొకటి పనిచేయుచున్నదని తలచినవారు మిక్కిలి కొలది. ఆడుదాని రూపమునకు చప్పట్లు చఱచి బుద్ధికి చెవి యొగ్గని యలవాటు మన దేశమున మాత్రమే గలదనుకొనుట పొరపాటు.

గంతులు వేయుట ఒక విధము. రెండవ విధమున మాట గంతు వేయదు, ముక్కలగును. పంపవలసినది 'ఔను', 'కాదు' అను రెండు సంజ్ఞలలో నొకటి యనుకొనుడు. దానినే బిట్టు అందురు. ఆ బిట్టును ఉన్నది యున్నట్లు పంపక, కొన్ని తునుకల వరుసగా మార్చి పంపుదురు. 'ఔను' అన్నచో వరుస యథాతథముగా పోవును. 'కాదు' అన్నచో వరుసలోని ప్రతి తునుకయు తలక్రిందై పోవును. ఈ తునుకల వరుస యెట్లుండవలెను? చూచువానికి అడ్డదిడ్డముగా నుండవలెను; కాని తెలిసినవాడు తప్పులేక తిరిగి కూర్చగలుగవలెను. క్రమము గల యక్రమము కావలెను.

ఇచ్చట నాకు ఛందస్సు తోడ్పడినది. మూడేసి యక్షరముల కొక గణము; లఘుగురు భేదమున గణము లెనిమిది. వానిని జ్ఞాపకముంచుకొనుటకు 'యమాతారాజభానసలగం' అని మన పిల్లలు వల్లించుదురు. య మా తా అను మూడును లఘువు, గురువు, గురువు, అదియే యగణము. ఒక్క యక్షరము జరిగినచో మా తా రా, మూడును గురువులు, అదియే మగణము. ఇట్లు ఒక్కొక్క యక్షరమే జరుగుచు బోయినచో ఎనిమిది గణములును ఒక్కొక్కసారి మాత్రమే వచ్చును. తుది రెండక్షరములు మొదటి రెంటి తూకమే కలవి గనుక వానిని విడిచి తక్కిన యెనిమిదింటిని వలయముగా గట్టవచ్చును. ఇట్టి వలయములు ఎన్ని గలవో 1946లో డి బ్రయిన్ అను డచ్చి గణితజ్ఞుడు లెక్క కట్టెను. ఆ వలయమున వరుసగా వచ్చు మూడు లఘువులలో నొకదానిని తీసివేయుడు. మిగులునది యిది: గురువు, గురువు, గురువు, లఘువు, గురువు, లఘువు, లఘువు. నగణ మొక్కటి తప్ప తక్కిన యేడు గణములు నిందు గలవు.

నిస్తంతి శాస్త్రజ్ఞులు వాడు అతి చిన్న తునుకల వరుసలలో నిది యొకటి. దీనిని పుట్టించు సూత్రము పసిపిల్లవాడును నేర్వగలడు. కడపటి యక్షరమును, దానితో గూడ వెనుకకు లెక్కించిన మూడవ యక్షరమును జూడుము. రెండు నొకటే యైనచో తరువాత లఘువు, వేఱైనచో గురువు. మూడు గురువులతో మొదలిడి వ్రాయుచు బొండు. ఏడేసి యక్షరములకు చక్రము తిరిగి వచ్చును. మూడు లఘువులతో మొదలిడినచో లఘువు తప్ప వేఱొకటి యెన్నటికిని రాదు. అందువలననే నగణమున కిందు చోటులేదు. జ్ఞాపకముంచుకొను నక్షరములు మూడైనచో వలయము 7, అయిదైనచో 31, పదియైనచో 1023 తునుకలవఱకు సాగును. ఈ వరుసల స్వభావమును సోలమన్ గోలంబ్ అను నాతడు 1967లో ఒక గ్రంథముగా వ్రాసెను.

దీని మహిమ యేమి? వలయమును దానిపైననే పెట్టి పోల్చినచో ఏడు చోట్ల కలియును. ఒక్క స్థానము జరిపినను, ఆరు స్థానములు జరిపినను, మూడుచోట్ల కలిసి నాలుగుచోట్ల విరోధించును. అనగా సరిగా పొందినపుడు ఏడు. ఏ మాత్రము తప్పినను ఒకటి తక్కువ సున్న. మఱియొక గుణము చూడుడు. గురువును +1 అనియు, లఘువును -1 అనియు కూడినచో మొత్తము ఒకటి మాత్రమే.

ఇక లెక్కకు రండు. కాగితము దగ్గఱ నుంచుకొన్నచో మఱింత మేలు. శత్రువొకడు మన సంజ్ఞకు రెండింతల యెత్తున ఎడతెగక +2 అని కూయుచున్నాడు. తునుకలు చేయక సంజ్ఞను నేరుగా పంపినచో 'ఔను' +3 గాను, 'కాదు' +1 గాను వచ్చును. రెండును ధనసంఖ్యలే. వినువాడు రెంటిని 'ఔను' అనియే గ్రహించును. తునుకలు చేసి పంపుదము. 'కాదు' అన్నపుడు వరుస తలక్రిందై, శత్రువు కూతతో గలిసి, వినువానికి 1, 1, 1, 3, 1, 3, 3 అని వచ్చును. ఇందును ఋణసంఖ్య యొక్కటియు లేదు. కంటితో జూచినవాడు ఇది 'కాదు' అని యేల చెప్పగలడు? కాని మన వలయముతో గుణించి కూడుడు. గురుస్థానములలో కూడిక, లఘుస్థానములలో తీసివేత. 1, 1, 1 కూడి, 3 తీసి, 1 కూడి, 3, 3 తీసినచో -5 వచ్చును. 'కాదు' తేటపడినది. 'ఔను' అన్నపుడు +9 వచ్చును. మన సంజ్ఞ యేడింతలు పెరిగినది. శత్రువు కూత రెండుగానే నిలిచినది. గట్టిగా నరచినవాడు ఓడెను. తాళము తప్పనివాడు గెలిచెను.

ఇది బడిపలక మీది వేడుక మాత్రమే కాదు. అమెరికావారి జీ.పీ.ఎస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తునుండి 1575.42 మెగాహెర్ట్జుల పౌనఃపున్యమున అందఱకు నొకే వేళ పలుకుచున్నవి. ప్రతి యుపగ్రహమునకు 1023 తునుకల తన వరుస కలదు. పదేసి గదుల యంత్రములు రెంటిని జతపఱచి ఆ వరుసలను పుట్టింతురు. అట్టి జతల లక్షణమును 1967లో తెల్పినవాడు రాబర్ట్ గోల్డ్. మన చేతికి వచ్చుసరికి ఆ పలుకు రొదలో మునిగియుండును. వరుస పొందినచో 1023. పొందనిచో 65కు మించదు. ఆ భేదమే మనకు త్రోవ చూపుచున్నది. ఒక్కొక్క తునుక పలుకుటకు పట్టుకాలమున వెలుతురు సుమారు 293 మీటర్లు నడచును గనుక, వరుస యెచ్చట పొందినదో సూక్ష్మముగా గనిపెట్టుటయే దూరమును గొలుచుట యగుచున్నది. మన తీరముననున్న శ్రీహరికోటనుండి 2013 జూలై 1వ తేదీని బయలుదేరిన మన దేశపు దిక్సూచి యుపగ్రహమును ఈ జాతి వరుసలతోనే పలికినది. 2003 ప్రాంతమున మన యిండ్లలో ప్రవేశించిన సీ.డీ.ఎం.ఏ. చేతిఫోనులును ఈ వంశమువే. ఆ సేవ మన దేశమున తరువాత నిలిచిపోయినది గాని, ఒకే పొలమును పదుగురు పంచుకొనవచ్చునని అది మన కనుల యెదుటనే చూపినది.

ఇక అనుకరణ మాట. ఉపగ్రహము కొనలేనివాడు, ప్రసారయంత్రము కట్టలేనివాడు ఈ విద్య నెట్లు పరీక్షించును? లెక్కలలోనే యొక ఆకాశమును నిర్మించును. మా బడిలో భౌతికశాస్త్రపు పనిముట్లు పెట్టెలో నున్నవానికంటె పట్టికలో నున్నవే హెచ్చు. అందుచే తొమ్మిదవ తరగతి పిల్లలకు చింతపిక్కలతో దీనిని జేసి చూపితిని. ఒక పిల్ల పంపును. ఒక పిల్లవాడు అందుకొనును. నడుమ నొకడు నాలుగు పిక్కలు గిలకరించి వేయును. తెలుపు పడినవానినుండి నలుపు పడినవానిని తీసివేయగా వచ్చు సంఖ్యయే ఆకాశపు రొద. దానిని తునుకకు కలిపి చెప్పవలెను. ఇట్లు గంటసేపు ఆడినచో ముప్పదియో నలువదియో బిట్లు దాటును. కంప్యూటరు ఇదే యాటను కొన్ని క్షణములలో లక్షసారు లాడును. సాఫ్టువేరులో అనుకరణ మనగా నింతకంటె వేఱేమియు లేదు.

ఈ పద్ధతికి మాంటీ కార్లో పద్ధతి యని పేరు. మెట్రోపొలిస్, ఉలాం అను శాస్త్రజ్ఞులు 1949లో ఆ పేరనే వ్యాసము ప్రకటించిరి. మాంటీ కార్లో జూదశాలకు ప్రసిద్ధికెక్కిన చోటు. జూదమను మాట చెవినిబడగానే సంస్కారప్రియులు ముఖము చిట్లింతురు. కాని ఇది పందెము లేని జూదము. ఇందు పోవునది ధనము కాదు, భ్రమ. పోవలెనన్నచో మాత్రము ఆట ధర్మముగా నాడవలెను. ఆ ధర్మమునుగూర్చియే నేను చెప్పదలచిన కథ.

మా యక్కగారి కుమార్తె ఎలక్ట్రానిక్సు శాఖలో ఇంజనీరింగు చివరి సంవత్సరము చదువుచుండెను. స్ప్రెడ్ స్పెక్ట్రము విధానమును సాఫ్టువేరులో అనుకరించి నివేదిక సమర్పింపవలెనని నలుగురి జట్టుకు కళాశాలవారు పని యప్పగించిరి. నేడు పట్టణములలో ప్రాజెక్టులమ్ము అంగళ్లు కలవని చదువరు లెఱుగుదురు. సొమ్ము చెల్లించినచో ప్రోగ్రాము, అట్టకట్టిన నివేదిక, మౌఖికపరీక్షలో అడుగు ప్రశ్నలకు జవాబులు, అన్నియు నొక సంచిలో నిత్తురు. పెండ్లికి పానకపు బిందెలు తెచ్చుకొన్నట్లు పిల్లలు వానిని మోసికొని వత్తురు. తలిదండ్రులు తమ చేతులతోనే ఆ సొమ్ము నిత్తురు. అది ఫీజులలో నొకటి యనుకొందురు. మా యక్కయు నట్లే యిచ్చినది.

సంక్రాంతి సెలవులకు మా యింటికి వచ్చినపుడు మా మేనకోడలు ఆ సంచిలోని కాగితములు ముందు పెట్టుకొని కూర్చుండెను. "మామయ్యా, ఇందులో ఏదో తిరకాసున్నది," అని నన్ను బిలిచినది. నివేదికలో నొక పటము. బిట్టు శక్తి రొద సాంద్రతకు సుమారు రెండున్నర రెట్లు, అనగా 4 డెసిబెల్, ఉండునట్లు ఏర్పఱచి, తునుకలు చేయక పంపినపుడు ఎనుబదింటి కొక బిట్టు తప్పిపోయినదనియు, 31 తునుకలు చేసి పంపినపుడు ఒక్కటియు తప్పలేదనియు అందు వ్రాసియుండెను. తునుకలు చేయుటవలన ఆకాశపు రొద జయింపబడునని తీర్పు.

"పాఠ్యపుస్తకములో నిట్లు లేదు. తెల్లని రొదమీద విస్తరణవలన లాభమేమియు లేదని యున్నది. పుస్తకము తప్పా, కంప్యూటరు తప్పా?" అని ఆమె ప్రశ్న.

పరీక్షించి చూచితిమి. నాకు ప్రోగ్రాము భాష యంతగా రాదు. ఆమె చదివి చెప్పుచుండెను, నేను అన్వయము చేయుచుంటిని. మొదటి దోషము వెంటనే దొరకినది. పంపిన బిట్లు వేయి మాత్రమే. వేయిలో తప్పు లేనంతమాత్రమున లక్షలో లేదనుట యెట్లు? పది పద్యములు తప్పులేక చదివినవానికి పండితబిరుద మిచ్చినట్లున్నది. రెండవ దోషము గూఢమైనది. మొదటి పరీక్షలో బిట్టు ఒక్క ముక్కగా పోయినది. రెండవదానిలో ముప్పదియొక్క తునుకలుగా పోయినది. కాని యొక్కొక్క తునుకకును మొదటి బిట్టంత శక్తియు నిచ్చిరి. రొద మాత్రము ముక్కకు ముందున్నంతయే. అనగా రెండవ పరీక్షలో బిట్టునకు వ్యయపఱచిన శక్తి ముప్పదియొక్క రెట్లు. ఒకే మాటను ముప్పదియొక్కసారి చెప్పి, వినువానికి తెలిసినందులకు భాషను పొగడినట్లైనది.

మన నైయాయికులు దీనికి పేరు పెట్టియున్నారు. నిప్పున్నచోట నెల్ల పొగ యుండునని యొకడన్నచో, ఎఱ్ఱగా గాలిన యినుపగుండు చూపి, అచ్చట నిప్పున్నది పొగ లేదందురు. పొగకు నిప్పు మాత్రమే చాలదు. తడి కట్టె కావలెను. కనబడక దాగియున్న ఆ తడి కట్టెకు ఉపాధి యని పేరు. విస్తరణమున్నచోట తప్పులు తగ్గినవన్న యీ యనుమానములో శక్తియే తడి కట్టె. దానిని తీసివేసినచో పొగ యేమగునో చూడవలెను.

ఆమె ఆ రాత్రియే ప్రోగ్రామును పైతాన్ భాషలో, మొదటినుండి తన చేతితో వ్రాసికొన్నది. ఆ భాషకు వెల లేదు; ఎవరైనను దింపుకొనవచ్చును. బిట్టు శక్తిని ముప్పదియొక్క పాళ్లు చేసి తునుకకొక పాలిచ్చినది. లక్ష బిట్లు పంపినది. తునుకలు లేనపుడు సుమారు 1,250 తప్పులు. తునుకలున్నపుడును కొంచెము హెచ్చుతగ్గులతో నంతియే. లాభమును లేదు, నష్టమును లేదు. పుస్తకము చెప్పినది నిజము. తరువాత శత్రువును ప్రవేశపెట్టినది. సంజ్ఞకు నాలుగు రెట్ల శక్తితో ఎడతెగక కూయువానిని. తునుకలు లేనపుడు బిట్లలో దాదాపు సగము తప్పినవి. నాణెము వైచి తెలిసికొనుటకంటె మేలు కాదు. తునుకలున్నపుడు తప్పులు తిరిగి ఎనుబదింటి కొకటికి కొంచెము మించి మాత్రమే నిలిచినవి. ఈ విధానము బలమెక్కడ, బలము కానిదెక్కడ, రెండును ఒకేసారి తేటపడినవి. అంతటా వ్యాపించిన రొదపై దీనికి మహిమ లేదు; ఒకచోట నిలిచి యరచువానిపైననే మహిమ.

అయినను లెక్కలలోని యాకాశమును నిజమైన యాకాశ మనుకొనరాదని కూడ ఆమెకు చెప్పితిని. మన ప్రోగ్రాములో అందుకొనువానికి వరుస యెచ్చట మొదలైనదో ముందే తెలియును. ఏలయన ఇరువురును మన మనస్సులోనే యున్నారు. నిజమైన గ్రాహకయంత్రము 1023 స్థానములును వెదకుకొనవలెను. ఉపగ్రహపు వేగముచే పౌనఃపున్యము జరుగుట యొకటి, మేడలు తగిలి ప్రతిధ్వనులు వచ్చుట యొకటి, గడియారములు కలియకపోవుట యొకటి. అనుకరణము మనము పెట్టినదే తిరిగి పెట్టును. అద్దమున తిలకము దిద్దుకొనవచ్చును గాని అద్దమునకు ఆకలి వేసినదని యన్నము పెట్టము. ఆమె తన నివేదిక చివర నొక పుట చేర్చి, తాను లెక్కలోనికి తీసికొననివి యేవేవో వ్రాసికొన్నది. సంచిలోని నివేదికలో అట్టి పుట లేదు. వానిలో నెన్నటికిని నుండదు; తన సరకు లోపము తానే వ్రాసి యమ్ము వర్తకుడెవడు?

జట్టులో మిగిలిన ముగ్గురును కొన్న నివేదికనే యిచ్చిరి. ఆమె యుపాధ్యాయుని యనుమతితో వేఱుగా నిచ్చినది. మౌఖికపరీక్షలో నీ పటము వారి పటమువలె నేల లేదని యడిగిరట. ఆమె బల్ల యొద్దకు పోయి ఏడు తునుకల లెక్క వ్రాసి చూపినదట. విన్నవారు తల యూపిరి. మార్కులు మాత్రము ముగ్గురికంటె ఆమెకు తక్కువగా వచ్చినవి. ఒక్క తప్పును లేని పటము ముందు 1,250 తప్పుల పటము చూచుటకు చిన్నదిగదా!

అక్క నామీద కోపించినది. "తమ్ముడా, నీ తర్కశాస్త్రము మా పిల్ల మార్కులు తినివేసినది. ఊరంతా కొనుక్కున్నది. మేమొక్కరమే హరిశ్చంద్రుని వంశమా?" అన్నది. ఆ మాటలో నీతి లేదని నేననను. ఉద్యోగములిచ్చువారు మార్కులు చూతురు. ఆడపిల్లకు ఉద్యోగము దొరకకున్నచో పెండ్లిమాటలు త్వరపడును. ఆ భయము తల్లికి గాక మఱెవరి కుండును? వాదించి ఆమెను గెలిచితినని చెప్పుకొనను. ఒక్కటి మాత్రమడిగితిని: "అక్కా, రేపు ఈ పిల్ల వ్రాసిన లెక్కను నమ్మి పడవవాడొకడు రాత్రి సముద్రములో త్రోవ చూచుకొనునపుడు, ఎవరి నివేదిక వ్రాసిన పిల్ల అక్కడ ఉండవలెనని నీ కోరిక?" ఆమె బదులు చెప్పలేదు, కోపమును విడువలేదు. మా యిండ్లలో ఈ వివాద మింకను నడచుచునే యున్నది.

నాకు దోచిన తత్త్వ మిది. కంప్యూటరులోని రొద నిజమైన రొద కాదు. అదియు నొక సూత్రమునుండి పుట్టినదే. దానికి బీజమని యొక సంఖ్య నిత్తురు. అదే ప్రోగ్రామునకు అదే బీజము నిచ్చినచో అదే రొద, అవే తప్పులు, అదే ఫలము మరల వచ్చును. అందువలన తన ప్రోగ్రామును, బీజమును పదిమందికి చూపినవాని మాటను నమ్మవలసిన పని లేదు. ఎవరికి వారు నడిపి చూచుకొనవచ్చును. శాస్త్రమున సత్యమనగా గొప్పవాడు చెప్పినది కాదు. చిన్నవాడును తిరిగి చేసి చూడగలిగినది. పేదబడికి ఇంతకంటె గొప్ప వరము లేదు. చింతపిక్కలు చాలును, పాత కంప్యూటరున్నచో మఱింత చాలును. కాని వరమును అంగడిలో అమ్ముకొన్ననాడు అది వరము కాదు. తిరిగి చేసి చూచువాడు లేనిచోట లెక్కల యాకాశమున నెంతటి యబద్ధమైనను నిలిచియుండును. దానిని కూల్చుటకు గాలివాన కూడ రాదు.

కావున చదువరులైన తలిదండ్రులకు నా విన్నప మొక్కటే. పిల్లలు నివేదికలు తెచ్చినపుడు అట్ట అందమును, మార్కుల సంఖ్యను చూచుటకు ముందు, 'ఇందులో నీకు తప్పుగా వచ్చినదేమి? అది యేల తప్పెనో యెట్లు కనిపెట్టితివి?' అని యడుగుడు. దానికి ఇంజనీరింగు చదివియుండ నక్కఱలేదు. స్వయముగా పనిచేసిన పిల్లకు ఆ ప్రశ్నకు బదులు గంటసేపు నుండును. కొని తెచ్చినవానికి ఆ ప్రశ్నకు బదులు సంచిలో నుండదు.